దీపముండగానే

ఉద్దేశం

గ్రంథాలకు నకళ్ళు తీసి కాపాడుకోవడం తెలుగువారికి తరతరాలుగా అలవాటైన పని. నేడు గ్రంథాలు, పత్రికలు, పాటలు కంప్యూటరు తెర మీదికి వచ్చాయి. ఒక వెబ్‌సైటును మొత్తంగా నకలు తీసి, ఇంటర్నెట్టు లేనప్పుడు కూడా చదువుకొనే వీలు కల్పించే సాధనాలు ఎట్లా పనిచేస్తాయో, వాటి అవసరం ఏమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తాటాకు మీద గంటంతో వ్రాసిన గ్రంథానికి శత్రువులు ఎక్కువ. చెదలు ఒకటి, చెమ్మ ఒకటి, ఎలుకలు ఒకటి, అగ్నిభయం ఒకటి. ఎంత జాగ్రత్తగా గుడ్డలో చుట్టి దాచినా ఆకు ఏనాటికో ఒకనాటికి పెళుసెక్కి విరిగిపోతుంది. అందుచేత పాత ప్రతి పూర్తిగా శిథిలం కాకముందే, దానిని చూసి కొత్త ఆకుల మీద మరొక ప్రతి వ్రాసేవారు. అట్లా వ్రాసిన వ్రాయసగాళ్ళలో పలువురు ప్రతి చివర సంవత్సరం పేరు, మాసం, తిథి, తమ పేరు కూడా చేర్చేవారు. మన ప్రాచీన కావ్యాలు కవి స్వయంగా వ్రాసిన ఆకుల ద్వారా మనకు చేరలేదు. ప్రతికి ప్రతి, ఆ ప్రతికి మరొక ప్రతి, ఇట్లా చేతులు మారుతూ వచ్చినందువల్లనే అవి నేటికీ నిలిచి ఉన్నాయి.

తంజావూరులోని సరస్వతీ మహలు గ్రంథాలయం ఇందుకు మంచి ఉదాహరణ. నాయకరాజుల కాలంలో మొదలైన ఆ గ్రంథ సంపద మరాఠా రాజుల పాలనలో, ముఖ్యంగా 1832లో మరణించిన రెండవ శరభోజి కాలంలో ఎంతగానో పెరిగింది. అక్కడ సంస్కృత, తమిళ, మరాఠీ గ్రంథాల పక్కనే తెలుగు వ్రాతప్రతులు కూడా భద్రంగా ఉన్నాయి. కావేరీ తీరంలో పుట్టిన తెలుగు కావ్యాలను, యక్షగానాలను నేడు చదవగలుగుతున్నామంటే అక్కడ వాటికి ప్రతులు వ్రాసినవారు, వ్రాయించినవారు, దాచినవారు ఉండడమే కారణం. కడపలో సి.పి. బ్రౌను కూడా ఇదే పని చేశాడు. 19వ శతాబ్దంలో ఆయన పండితులకు జీతాలిచ్చి, ఊరూరా ఉన్న వ్రాతప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. 1829లో ఆయన వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆయన సేకరించిన ప్రతులు నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.

తాటాకు బాగా కాపాడితే కొన్ని వందల ఏళ్ళు నిలుస్తుంది. మరి నేడు తెర మీద కనిపించే పుట ఎంతకాలం నిలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఆశ్చర్యం కలిగిస్తుంది.

1989లో టిమ్ బెర్నర్స్-లీ అనే శాస్త్రవేత్త, జెనీవా నగరం దగ్గర ఉన్న సెర్న్ పరిశోధన కేంద్రంలో, పత్రాలను లంకెలతో కలిపే ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. అదే నేడు వెబ్ అని పిలిచే వ్యవస్థ. మొట్టమొదటి వెబ్ పుటను ఆయనే తయారు చేశాడు. అయితే ఆ పుటను ఎప్పటికప్పుడు దిద్దుతూ పోయారు గాని, దాని తొలి రూపాన్ని విడిగా దాచాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. 2013లో సెర్న్ వారు ఆ పాత పుట జీర్ణోద్ధరణకు పూనుకొన్నప్పుడు వారి దగ్గర మిగిలినది 1992 నాటి నకలు మాత్రమే. ప్రపంచాన్నే మార్చిన పుటకు పట్టిన గతి అది. ఇక మామూలు పుటల సంగతి చెప్పనక్కరలేదు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పుటలలో నూటికి 38 పుటలు పదేళ్ళు గడిచేసరికి తెరుచుకోవడం మానివేశాయి.

పుటలు ఇట్లా మాయం కావడానికి కారణాలు చాలా సాధారణమైనవి. ప్రతి వెబ్‌సైటూ ఎక్కడో ఒకచోట సర్వర్ అనే కంప్యూటరులో ఉంటుంది. ఆ సర్వర్‌కు అద్దె కట్టాలి. వెబ్‌సైటు పేరుకు కూడా గడువు తీరేలోగా మళ్ళీ రుసుము చెల్లించాలి. కట్టేవారు మరచిపోయినా, మరణించినా, ఆ పని మీద ఆసక్తి తగ్గినా వెబ్‌సైటు మూతపడుతుంది. సంస్థలు తమ వెబ్‌సైటును కొత్త హంగులతో మార్చుకొనేటప్పుడు పాత పుటలను తీసివేస్తాయి. సర్వర్ చెడిపోవచ్చు, దొంగల చేతికి చిక్కవచ్చు. తాటాకు కొద్దికొద్దిగా చెడుతుంది కనుక చూసేవారికి ముందుగా తెలుస్తుంది. వెబ్ పుట అట్లా కాదు. నిన్నటి దాకా చక్కగా కనిపించిన పుట నేడు ఒక్కసారిగా కనిపించదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పే సామెత ఈ విషయంలో అక్షరాలా వర్తిస్తుంది. పుట తెరుచుకొంటున్న రోజులలోనే దానికి నకలు తీయాలి.

నకలు తీయడమంటే ఏమిటో తెలియాలంటే ముందు వెబ్‌సైటు నిర్మాణం తెలుసుకోవాలి. పుస్తకంలో పుటలు వరుసగా కుట్టి ఉంటాయి. వెబ్‌సైటులో పుటలు విడివిడి ఫైళ్ళుగా ఉండి, లంకెలతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. బొమ్మలు, పాటలు, అక్షరాల ఆకృతులు, పుట రూపురేఖలను నిర్ణయించే సూచనలు కూడా వేరువేరు ఫైళ్ళే. బ్రౌజరు వాటన్నిటినీ తెచ్చి ఒకచోట పేర్చి చూపుతుంది. బ్రౌజరులో ‘సేవ్’ అని నొక్కితే ఎదుట ఉన్న ఒక్క పుట మాత్రమే దిగుతుంది. అందులోని లంకెను నొక్కగానే బ్రౌజరు మళ్ళీ ఇంటర్నెట్టు కోసం వెదుకుతుంది. గ్రంథమంతా కావలసినవానికి ఒక్క ఆకు ఇచ్చినట్లు అవుతుంది. అందుకే వెబ్‌సైటు మొత్తాన్ని దించే సాఫ్ట్‌వేరు అవసరమయింది.

ఇటువంటి సాఫ్ట్‌వేరు పుట్టిన రోజులు కూడా గమనించదగినవి. 1990ల నడుమ ఇంటర్నెట్టు టెలిఫోను తీగ మీద నత్తనడక నడిచేది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్టును అందుబాటులోకి తెచ్చారు. అప్పట్లో దానిని గంటల లెక్కన కొనుక్కోవలసి వచ్చేది. తీగ కలిసి ఉన్నంతసేపూ చదువుతూ కూర్చుంటే ఖర్చు తడిసి మోపెడయ్యేది. కావలసిన పుటలన్నిటినీ ఒకేసారి దించుకొని, తీగ విడదీసి, తీరికగా చదువుకోవడం మేలని పలుదేశాల వారు గ్రహించారు. 1996లో క్రొయేషియాకు చెందిన హ్ర్వోయే నిక్షిచ్ ‘డబ్ల్యుగెట్’ అనే సాఫ్ట్‌వేరును వెలువరించాడు. 1998లో ఫ్రాన్సుకు చెందిన గ్జావియే రోష్ ‘హెచ్.టి.ట్రాక్’ను రూపొందించాడు. ఈ రెండూ ఉచితంగా లభిస్తాయి. వీటి లోపలి నిర్మాణాన్ని ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. నేటికీ ఇవి వాడుకలో ఉన్నాయి.

ఇవి పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. మొదట సాఫ్ట్‌వేరుకు ఒక వెబ్‌సైటు చిరునామా ఇవ్వాలి. అది ఆ చిరునామాలోని మొదటి పుటను తెచ్చి కంప్యూటరులో దాచుతుంది. తరువాత ఆ పుటను ఆసాంతం చదివి, అందులో ఉన్న లంకెలన్నిటినీ ఒక పట్టికగా వ్రాసుకొంటుంది. పట్టికలోని చిరునామాలకు ఒక్కొక్కటిగా వెళ్ళి ఆ పుటలను తెస్తుంది. కొత్త పుటలలో దొరికిన లంకెలను మళ్ళీ పట్టికలో చేరుస్తుంది. ఒకసారి తెచ్చిన పుటను రెండవసారి తేకుండా గుర్తు పెట్టుకొంటుంది. పట్టిక ఖాళీ అయ్యేదాకా ఈ పని సాగుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఇంకొకటి ఉన్నది. మూలపుటలోని లంకెలు ఎక్కడో ఉన్న సర్వర్‌ను చూపుతూ ఉంటాయి. వాటిని అట్లాగే ఉంచితే నకలు ఉన్నా ఫలితం లేదు. అందుచేత సాఫ్ట్‌వేరు ప్రతి లంకెను మార్చి, మన కంప్యూటరులోనే ఉన్న నకలు పుటను చూపేటట్లు తిరిగి వ్రాస్తుంది. మాటలు మక్కికి మక్కిగా ఉంటాయి, దారులు మాత్రం మారుతాయి. ఆ తరువాత ఇంటర్నెట్టు లేకపోయినా ఒక పుట నుంచి మరొక పుటకు, మూల వెబ్‌సైటులో తిరిగినట్లే తిరగవచ్చు.

హెచ్.టి.ట్రాక్ చేసే మరొక పని తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా నచ్చుతుంది. అది దించిన పుటలో, పైకి కనిపించకుండా, ఒక చిన్న వాక్యాన్ని చేరుస్తుంది. ఈ పుట ఏ చిరునామా నుంచి, ఏ రోజున, ఏ సమయానికి, ఏ సాధనంతో నకలు చేయబడిందో ఆ వాక్యంలో ఉంటుంది. తాటాకు గ్రంథం చివర వ్రాయసగాడు తిథివార నక్షత్రాలతో తన పేరు వ్రాసిన సంప్రదాయమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. నకలు ఎప్పటిదో తెలియకపోతే దానిని నమ్మడం కష్టం. ఏ పుటలు దొరికాయి, ఏవి దొరకలేదు అనే వివరాలను కూడా ఈ సాఫ్ట్‌వేరు వేరొక ఫైలులో నమోదు చేస్తుంది. నకలు తీసినవారు ఆ ఫైలును తప్పక చదవాలి. అందులో లోపాలు కనిపిస్తే మళ్ళీ ప్రయత్నించాలి.

ఈ సాధనాన్ని హద్దు లేకుండా వదిలితే ప్రమాదం. ఒక పుటలో పది లంకెలు ఉన్నాయనుకొందాం. ఆ పదింటిలో ఒక్కొక్కదానిలో మళ్ళీ పదేసి కొత్త లంకెలు ఉంటే రెండవ అంచెలో 100 పుటలు, మూడవ అంచెలో 1000 పుటలు అవుతాయి. మొదటి పుటతో కలిపి మొత్తం 1111. మరి నాలుగంచెలు సాగితే ఆ లెక్క లక్షలు దాటి కోటికి చేరుతుంది. పైగా ఒక వెబ్‌సైటు లంకె మరొక వెబ్‌సైటుకు దారి తీస్తుంది. అందుచేత ఎన్ని అంచెలు వెళ్ళాలి, ఏ వెబ్‌సైటు దాటి పోకూడదు, ఎంత పెద్ద ఫైళ్ళను తేవాలి అన్నవి ముందే నిర్ణయించాలి. డబ్ల్యుగెట్ మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ఐదంచెల దగ్గర ఆగిపోతుంది. కొన్ని వెబ్‌సైట్లలో క్యాలెండరు ఉంటుంది. దానిలో ‘తరువాతి నెల’ అనే లంకె ఎన్ని నెలలకైనా వస్తూనే ఉంటుంది. జాగ్రత్త పడకపోతే సాఫ్ట్‌వేరు రానున్న శతాబ్దాల క్యాలెండర్లన్నీ దించుతూ కూర్చుంటుంది.

నకలు తీసేవారు పాటించవలసిన మర్యాద కూడా ఉన్నది. సాఫ్ట్‌వేరు విరామం లేకుండా పుటలు అడుగుతూ పోతే చిన్న సర్వర్ తట్టుకోలేదు. అప్పుడు ఇతర పాఠకులకు ఆ వెబ్‌సైటు అందకుండా పోతుంది. ఊరుమ్మడి బావిలో ఒక్కరే మోటారు పెట్టి తోడినట్లవుతుంది. అందుకని ఒక పుటకూ మరొక పుటకూ నడుమ కొన్ని క్షణాలు ఆగమని సాఫ్ట్‌వేరుకు చెప్పాలి. యంత్రాలు ఏ భాగాలలోకి రాకూడదో తెలిపే ఒక ఫైలును వెబ్‌సైటు యజమానులు ఉంచుతారు. 1994లో మార్టీన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి ‘రోబోట్స్’ ఫైలు అనే పేరుతో స్థిరపడింది. దానిని గౌరవించాలి. రచయితల హక్కును కూడా మరువరాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం సొంత చదువుకు, పరిశోధనకు న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. అయితే ఇతరుల రచనను తన పేరుతో ప్రచురించడం, అమ్ముకోవడం తప్పు. వీలైనచోట యజమానికి ఒక ఉత్తరం వ్రాసి అనుమతి పొందడం ఉత్తమం.

ఈ సాధనాలకు చేతకాని పనులు కూడా ఉన్నాయి. వెదుకులాట పెట్టెలో ఒక మాట వ్రాస్తే సర్వర్ అప్పటికప్పుడు వెదికి జవాబు ఇస్తుంది. ఆ వెదికే యంత్రాంగం సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి నకలులో అది పనిచేయదు. రహస్యపదంతో ప్రవేశించవలసిన పుటలు సాధారణంగా దొరకవు. నేటి వెబ్‌సైట్లలో చాలా పుటలు మనం నొక్కినప్పుడు, జరిపినప్పుడు మాత్రమే తయారవుతాయి. లంకెలు చదివి నడిచే పాత సాఫ్ట్‌వేరుకు అవి కంటబడవు. అటువంటి వాటి కోసం, బ్రౌజరునే నడిపి, మనిషి చూసినట్లే పుటను చూసి దాచే కొత్త సాధనాలు వచ్చాయి.

తెలుగు పుటల విషయంలో మరొక చిక్కు ఉన్నది. అన్ని భాషల అక్షరాలకూ నిర్ణీత సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగు 1991లోనే చేరింది. కాని సామాన్యుల కంప్యూటర్లలో అది వాడుకలోకి రావడానికి మరి పదేళ్ళకు పైగా పట్టింది. అంతకు ముందు తెలుగు వెబ్‌సైట్లు ఎవరికి వారే సొంత ఖతులు, అనగా అక్షరాల ఆకృతుల ఫైళ్ళు, తయారు చేసుకొన్నాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను నిలిపాయి. అటువంటి పుటను దాచి, దాని ఖతిని దాచకపోతే, తెరిచినప్పుడు తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పుట చేతిలో ఉన్నా చదవలేని స్థితి అది. లిపి తెలియని శాసనం ముందు నిలబడినట్లు ఉంటుంది. కనుక పాత తెలుగు వెబ్‌సైటును దాచేవారు దాని ఖతిని కూడా వెదికి దాచాలి.

ఒకరిద్దరి అవసరానికి పుట్టిన ఈ పని క్రమంగా లోకానికే అవసరమైన సేవగా మారింది. 1994లో మొదలైన జియోసిటీస్ అనే వెబ్‌సైటులో లక్షల మంది సామాన్యులు తమ సొంత పుటలు ఉచితంగా పెట్టుకొన్నారు. యాహూ సంస్థ దానిని 1999లో కొని, 2009 అక్టోబరు 26న మూసివేసింది. మూసివేత వార్త తెలియగానే జేసన్ స్కాట్ నాయకత్వంలోని ‘ఆర్కైవ్ టీమ్’ అనే స్వచ్ఛంద బృందం, మరికొందరు రాత్రింబవళ్ళు పుటలు దించారు. అన్నిటినీ కాపాడలేకపోయారు. అయినా కాపాడినంతవరకు 2010లో అందరికీ అందుబాటులో ఉంచారు. పసిపిల్ల పోయిన తల్లిదండ్రులు జ్ఞాపకంగా పెట్టుకొన్న పుట మొదలు పదవ తరగతి విద్యార్థి తనకు నచ్చిన ఆట గురించి వ్రాసుకొన్న పుట దాకా, అటువంటి చోట ఏవైనా ఉండవచ్చు. అవి ఎవరికి ఎంత విలువైనవో బయటివారు నిర్ణయించలేరు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి ప్రారంభించింది. ఉక్రెయిన్‌లోని ప్రదర్శనశాలలు, గ్రంథాలయాలు, దస్తావేజుల భాండాగారాల సర్వర్లు బాంబుల నీడలో పడ్డాయి. పలుదేశాల గ్రంథాలయ సేవకులు, విద్యార్థులు వెయ్యి మందికి పైగా ఒక్కటై ఆ వెబ్‌సైట్లకు నకళ్ళు తీయడానికి పూనుకొన్నారు. వియన్నాలో ఉన్న ఒక చరిత్రకారుడు ఖార్కివ్ నగరంలోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం వెబ్‌సైటును దించాడు. అది నూరు గిగాబైట్లకు పైగా ఉన్నది. దించడం పూర్తయిన కొద్ది గంటలకే ఆ వెబ్‌సైటు మూగబోయింది. ఒక్కరోజు ఆలస్యమైతే ఆ పుటలు ఆయన చేతికి అందేవి కావు.

ఇటువంటి పనిని నిత్యకృత్యంగా చేస్తున్న సంస్థ ఇంటర్నెట్ ఆర్కైవ్. బ్రూస్టర్ కేల్ 1996లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో దీనిని స్థాపించాడు. 2001లో ‘వేబ్యాక్ మెషిన్’ అనే పేరుతో పాత పుటలను చూసే వాకిలిని ప్రజలకు తెరిచాడు. 2025 అక్టోబరు నాటికి అందులో దాచిన పుటల సంఖ్య లక్ష కోట్లకు చేరింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రంగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది పాత తెలుగు పుస్తకాలు ఉండేవి. ఆ వెబ్‌సైటు పాత వాకిలి తరువాతి కాలంలో మూతపడింది. అయినా అందులోని లక్షల పుస్తకాల నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉన్నందువల్ల తెలుగు పాఠకులు నేటికీ వాటిని చదువుకోగలుగుతున్నారు.

అయితే ఒక్క భాండాగారాన్నే నమ్ముకొని నిశ్చింతగా ఉండరాదు. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీదనే దుండగులు దాడి చేయగా అది కొన్ని రోజులు తెరుచుకోలేదు. పైగా దాని యంత్రాలు ప్రపంచంలోని ప్రతి చిన్న వెబ్‌సైటునూ కనిపెట్టలేవు. ఒక ఊరి తెలుగు సంఘం తన వార్షికోత్సవ సంచికలను పెట్టుకొన్న వెబ్‌సైటు, ఒక ఉపాధ్యాయుడు తన ప్రాంతపు పెళ్ళిపాటలను సేకరించి ఉంచిన వెబ్‌సైటు ఉన్నాయనుకొందాం. వాటి సంగతి వాటిని చదివేవారికే తెలుస్తుంది. కనుక వాటిని దాచవలసినవారు కూడా వారే.

ఇంటర్నెట్టు సరిగా అందని బడులకు కూడా ఈ విద్య ఎంతో ఉపకరిస్తుంది. 2007లో ఎమ్మాన్యుయెల్ ఎంగెల్‌హార్ట్, రెనో గొదాన్ అనే ఇద్దరు ‘కివిక్స్’ అనే సాఫ్ట్‌వేరును ప్రారంభించారు. దీని సహాయంతో వికీపీడియా వంటి పెద్ద విజ్ఞానసర్వస్వాన్ని ఒకే ఫైలుగా దించుకొని, ఇంటర్నెట్టు లేకుండానే చదువుకోవచ్చు. అందులో వెదుకులాట కూడా పనిచేస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. దానిని కూడా ఈ విధంగా దించుకొనే వీలున్నది. పట్టణంలో ఒకసారి దించి, చిన్న పరికరంలో పెట్టి తెచ్చుకొంటే, కొండ మీది పల్లెలోని బడిలో ఉన్న పాత కంప్యూటరులో కూడా ఆ వ్యాసాలు తెరుచుకొంటాయి. తెలుగు పుస్తకాల అంగడి దగ్గరలో లేని ఊళ్ళలో తెలుగు చదివే పిల్లలకు ఇది ఇంట్లో గ్రంథాలయం ఉన్నట్లే.

నకలు తీయడంతో పని పూర్తి కాదు. దించిన ఫోల్డరును ఒకే కంప్యూటరులో ఉంచితే ఆ కంప్యూటరుతోపాటే అది పోవచ్చు. కనీసం రెండు మూడు చోట్ల ప్రతులు ఉండాలి. ఒకటి వేరే ఇంటిలోనో, వేరే ఊరిలోనో ఉండడం మంచిది. ఏడాదికి ఒకసారి తెరిచి అన్నీ సరిగా ఉన్నాయేమో చూడాలి. మూల వెబ్‌సైటు ఇంకా నడుస్తూ ఉంటే, మారిన పుటలను మాత్రమే మళ్ళీ తెచ్చే ఏర్పాటు ఈ సాఫ్ట్‌వేరులలో ఉన్నది. దానిని ఉపయోగించుకోవాలి.

తంజావూరులో ఆకుల మీద గంటం నడిపినవారు తమ ప్రతిని రెండు మూడు వందల ఏళ్ళ తరువాత ఎవరు చదువుతారో ఎరుగరు. అయినా అక్షరం తప్పకుండా వ్రాయాలని శ్రమించారు. తెలుగునేలకు దూరంగా తెలుగు నిలిచిన చోటల్లా అటువంటి చేతులు కొన్ని ఉండే ఉంటాయి. నేటి విద్యార్థికి గంటం పట్టవలసిన పని లేదు. తనకు ప్రియమైన ఒక వెబ్‌సైటు చిరునామాను, హద్దులు ఏర్పరచి, సాఫ్ట్‌వేరుకు అప్పగిస్తే చాలు. రేపు ఆ వెబ్‌సైటు మూతపడినా దానిలోని పాట, కథ, మాట ఒక ఇంటిలో మిగిలి ఉంటాయి.

పదాలు – అర్థాలు

గంటం = తాటాకు మీద వ్రాసే ఇనుప కలం
వ్రాయసగాడు = ప్రతులు వ్రాసేవాడు, లేఖకుడు
శిథిలం = పాడుపడినది
భాండాగారం = విలువైన వస్తువులను దాచే చోటు
జీర్ణోద్ధరణ = శిథిలమైనదానిని తిరిగి బాగుచేయడం
ఖతి = అక్షరాల ఆకృతుల సముదాయం
అంచె = మజిలీ, మెట్టు
నిత్యకృత్యం = ప్రతిరోజూ చేసే పని
దస్తావేజు = ఆధారపత్రం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. తాటాకు గ్రంథాలకు ప్రతులు ఎందుకు వ్రాసేవారు?
2. బ్రౌజరులో ‘సేవ్’ నొక్కితే వెబ్‌సైటు మొత్తం ఎందుకు దిగదు?
3. వ్రాయసగాడు ప్రతి చివర చేర్చే మాటలకూ, హెచ్.టి.ట్రాక్ పుటలో చేర్చే వాక్యానికీ ఉన్న పోలిక ఏమిటి?
4. పాత తెలుగు వెబ్‌సైటును దాచేవారు ఖతిని కూడా ఎందుకు దాచాలి?

II. కింది ప్రశ్నలకు పది పన్నెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. వెబ్‌సైటును దించే సాఫ్ట్‌వేరు పనిచేసే విధానాన్ని వివరించండి.
2. నకలు తీసేవారు పాటించవలసిన మర్యాదలు ఏవి? అవి లేకపోతే ఎవరికి నష్టం?
3. జియోసిటీస్, ఖార్కివ్ సంఘటనలను పోల్చి, ‘దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అనే సామెతను సమర్థించండి.

III. లెక్కించి చెప్పండి.
ఒక వెబ్‌సైటు మొదటి పుటలో ఐదు లంకెలు ఉన్నాయి. ప్రతి పుటలోనూ ఐదేసి కొత్త లంకెలు ఉంటే, మూడంచెలు పూర్తయ్యేసరికి మొదటి పుటతో కలిపి ఎన్ని పుటలు దిగుతాయి?

భాషాంశాలు

1. కింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి: గ్రంథాలయం, జీర్ణోద్ధరణ, మొట్టమొదట.
2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు వ్రాసి, సమాసం పేరు తెలపండి: అగ్నిభయం, మూలపుట, సరస్వతీ మహలు.
3. కింది వాటిని సొంత వాక్యాలలో ప్రయోగించండి: నత్తనడక, తడిసి మోపెడు, మక్కికి మక్కి, రాత్రింబవళ్ళు.

చేయవలసిన పని

మీ ఊరిలోని తెలుగువారి పాటలు, కథలు, సంచికలు, పెద్దల జ్ఞాపకాలు ఏ వెబ్‌సైటులోనైనా ఉన్నాయేమో ఇంటిలోని పెద్దలను, ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోండి. ఉంటే దానిని నడుపుతున్నవారి అనుమతి కోరుతూ ఒక ఉత్తరం వ్రాయండి. లేకపోతే అటువంటి పాటనో, కథనో విని, నోటుపుస్తకంలో వ్రాసి, చివర తేదీ, చెప్పినవారి పేరు, వ్రాసినవారి పేరు చేర్చండి. దానికి మరొక ప్రతి తీసి ఒక మిత్రుని ఇంటిలో ఉంచండి.